భవాని పేరు మీద నా నెత్తురు

తొమ్మిదేళ్లు మోసిన బరువు ఎంతో చెబితే మీరు నవ్వుతారు. రెండు మిల్లీలీటర్లు. చిన్న గాజు ట్యూబులో అడుగున పట్టే నెత్తురు. దగ్గు మందు మూతలో పోస్తే మూత నిండదు. దాన్ని మోసి మోసి నా నడుము వంగిందంటే మా ఆయన నమ్మడు, "అది వయసు" అంటాడు. ఆయన మాట సగం నిజం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు రాయను. రాసినా ఉపయోగం లేదు, ప్రోతరాపూర్‌లో మా వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. అందరికీ నేను లేబు దీదీని. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక చిన్న ప్రైవేటు లేబులో టెక్నీషియన్‌గా ఇరవై ఏళ్లు దాటింది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. అమ్మ పలక మీద దిద్దించబట్టి తెలుగు రాయటం వచ్చింది. మా వీధి పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అంటే ఒప్పుకోలు రాయటానికి కూడా నేను ఇక్కడ ఎవరికీ పట్టుబడని లిపినే ఎంచుకున్నానన్నమాట. చూశారా నా జాగ్రత్త! ఈ జాగ్రత్తలో పదో వంతు ఆ రోజు ఉంటే ఇవాళ ఇంత కాగితం ఖర్చయ్యేది కాదు.

ముందు పైడమ్మ గురించి చెప్పాలి. ఎందుకంటే దీనిలో ఇష్టపడటానికి తగిన మనిషి ఆవిడే. పొద్దున్నే పడవల దగ్గర చేపలు ఎత్తుకుని, గంపతో సహా బస్సెక్కి, నీళ్లు కారుతున్నాయని కండక్టరు అరిస్తే తను రెండింతలు అరిచి, ఏడున్నరకల్లా మా గేటు ముందు గంప దించుతుంది. నాకంటే రెండేళ్లు పెద్దదే. అయినా నన్ను దీదీ అంటుంది. మా దీవుల్లో దీదీకి వయసుతో పని లేదు, అది మర్యాద. నా చేప నేనెప్పుడూ ఎంచుకోలేదు. "ఇది నీకొద్దు, నిన్నటిది" అని తన గంపలో చేపని తనే తిడుతుంది. ఆవిడ వ్యాపారం ఇన్నేళ్లు ఎలా నిలబడిందో నాకిప్పటికీ తెలియదు.

ఆవిడకి ఒక్కతే కూతురు, భవాని. అప్పటికి పదమూడేళ్లు. పళ్లు తోముకుంటే బ్రష్షు ఎర్రన. ముక్కు కారటం మొదలైతే ఒక పూట కారేది. చేప ముల్లు గుచ్చుకుంటే మాకు ఒక చుక్క, ఆ పిల్లకి ఒక గుడ్డ. పెద్దమనిషి అయ్యాక అది మరీ ఎక్కువైంది. మొదటి నెల పదిహేను రోజులు ఆగలేదు. పైడమ్మ గేటు దగ్గర గంప దించి, చేపల మాట ఎత్తకుండా, "దీదీ, నీకాడ మిసన్లున్నాయి గదా, ఓపాలి దీన్ని సూడు" అంది.

చూశాను. ప్లేట్‌లెట్ల లెక్క నిండుగా ఉంది. గడ్డ కట్టే టైమూ బాగానే ఉంది. మరి ఎందుకు ఆగటం లేదు? మెయిన్‌ల్యాండ్ నుంచి నెలకోసారి వచ్చి రెండు రోజులు చూసి వెళ్లే పెద్ద డాక్టరు ఒకాయన ఉండేవారు. పాతకాలం మనిషి. ఆ పిల్లని చూసి, ఎక్కడో చేయించిన బ్లీడింగ్ టైము కాగితం పక్కన పెట్టేశారు. అది గుచ్చే చేతిని బట్టి మారుతుంది, నమ్మలేను అన్నారు. చీటీ మీద ఇంకో పరీక్ష రాసి నన్ను పిలిపించారు. "దీన్ని ఇప్పుడెవరూ చెయ్యటం లేదమ్మా. నువ్వు చేస్తావా? దగ్గరుండి చూడాలి."

చేస్తానన్నాను. గర్వంగానే అన్నాను.

ఆ పరీక్షని క్లాట్ రిట్రాక్షన్ అంటారు. పేరుకే ఇంగ్లీషు, పని చాలా సాదా. కొంచెం నెత్తురు గాజు ట్యూబులో పోసి, ఒంటి వేడి ఉన్న నీళ్లలో నిలబెట్టి, చూస్తూ కూర్చోవాలి. ముందు గడ్డ కడుతుంది. తర్వాత ఆ గడ్డ తనంతట తనే ముడుచుకుంటుంది. చుట్టూ పల్చటి పసుపు నీరు ఊరుతుంది. ఎందుకు ముడుచుకుంటుందంటే, ప్లేట్‌లెట్లు లాగుతాయి కనక. గాయం దగ్గర దారాల వల ఒకటి అల్లుకుంటుంది. ప్లేట్‌లెట్లు ఆ దారాలు పట్టుకుని అన్నీ ఒక్కసారి లాగితే వల బిగుస్తుంది, గాయం మూసుకుంటుంది. మా పడవల వాళ్లు వల లాగటం చూసినవాళ్లకి వేరే పాఠం అక్కర్లేదు.

అక్కడే ఉంది కిటుకు. మేం లేబువాళ్లం లెక్కపెడతాం. ఎంతమంది ఉన్నారో చెబుతాం. వాళ్లలో ఎంతమంది తాడు పట్టుకున్నారో మా లెక్క చెప్పదు. డెంగీలో జనమే తగ్గిపోతారు, అది లెక్కలో దొరుకుతుంది. కిడ్నీలు పాడైనవాళ్లలో జనం ఉంటారు, కానీ ఒంట్లో చేరిన విషానికి చేతుల్లో సత్తువ చచ్చి సగం సగం లాగుతారు. చక్కెర జబ్బులో ఇంకో తిరకాసు: అవసరం లేని చోట కూడా ఎగబడి అంటుకుపోతారు, గుండె నాళంలో అడ్డం పడతారు. ఇక అరుదుగా, దగ్గర రక్తం కలిసిన ఇళ్లల్లో, జనం నిండుగా ఉంటారు, ఆరోగ్యంగా ఉంటారు, తాడు పట్టే చేతులు మాత్రం పుట్టుకతోనే ఉండవు. పైడమ్మ చేసుకున్నది సొంత మేనమామని. డాక్టరుగారి అనుమానం అదే. దాన్ని సరిగ్గా తేల్చే మిషను మా దీవుల్లో లేదు. నెత్తురు విమానంలో పంపుదామంటే ప్లేట్‌లెట్లకి అంత ఓపిక లేదు, దారిలోనే పాడవుతాయి. మనిషే వెళ్లాలి. మనిషి వెళ్లాలంటే ఇక్కడ ఏదో ఒక ఆధారం కనిపించాలి. అంతా ఆ ట్యూబు మీద ఉంది.

మరి ఆ రోజు నేనేం చేశాను?

పది గంటలకి నెత్తురు తీశాను. భవాని సూది వైపు చూడకుండా నా చెవి కమ్మల వైపు చూసింది. "ఆంటీ, అస్లీ సోనా?" అని అడిగింది. బంగారం కాదు, గిల్టు అన్నాను. నవ్వింది. గుచ్చిన చోట దూది పెట్టి పైడమ్మని గట్టిగా అదమమని, ఇద్దరినీ ఇంటికి పంపేశాను. ట్యూబు నీళ్లలో నిలబెట్టాను. పది ఇరవైకి ఫోను. మా పక్కింటావిడ. విశాఖ ఓడకి టికెట్లు ఇస్తున్నారట, కౌంటరు తీశారట, నా కోసం లైనులో చెప్పు పెట్టి ఉంచిందట, కానీ చెప్పుని ఎంతసేపు మనిషిగా ఒప్పుకుంటారు, పరిగెత్తుకు రమ్మంది.

మీరు మెయిన్‌ల్యాండ్‌లో ఉంటే ఇది మీకు వింతగా ఉంటుంది. మాకు ఓడ నెలకో ఎప్పుడో. కౌంటరు తీసిన పూట లైనులో లేకపోతే ఆ నెల అంతే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మా కాళ్లకి ఒకటే శిక్షణ: కౌంటరు తీశారంటే పరిగెత్తటం. అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తిన రోజులున్నాయి. మా ఆయన దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో ఇంజన్ గదిలో పని, ఆ రోజు నీళ్ల మీద ఉన్నాడు. ఇంకెవరూ లేరు. ఎవరి ప్రాణం మీదికో వచ్చి బయలుదేరానేమో అనుకోకండి. మా పెద్దమ్మ కూతురి గృహప్రవేశానికి. వాళ్ల ఇంట్లోకి వాళ్లు అడుగు పెట్టటానికి నేను ఇక్కడ నా చోటు వదిలి వెళ్లాను.

అరగంటలో వచ్చేస్తాననుకున్నాను. తిరిగి వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. టికెట్ దొరికింది. లేబులో ఫ్యాను ఆగి ఉంది. కరెంటు లేదు.

చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్న కథ ఇక్కడ అయిపోతుంది. కరెంటు పోయింది, నీళ్లు చల్లారాయి, చల్లటి నీళ్లలో ఏ గడ్డా సరిగా ముడుచుకోదు, పరీక్ష చెడిపోయింది, ఏం కనిపించలేదు. కనిపించకపోతే సామాన్యంగా ఉంటుందిలే అని నార్మల్ రాసేశాను. తప్పే, కానీ చిన్న తప్పు. బద్ధకం తప్పు. ఇంతవరకైతే మీకు రాయక్కర్లేదు కూడా.

ఆగండి. నిజం రాయటానికే కూర్చున్నాను కదా.

కనిపించింది.

ఆ నీళ్లలో ట్యూబు ఒక్కటి కాదు, రెండున్నాయి. ఇలాంటి పరీక్ష చేసేటప్పుడు పక్కన ఆరోగ్యంగా ఉన్న మనిషి నెత్తురు కూడా పెట్టాలి, పోల్చటానికి. ఆ పద్ధతి నాకు నేర్పినవాళ్లు బాగానే నేర్పారు. ఆ పొద్దున లేబులో ఇంకెవరూ లేక నా చేతి నుంచే తీసుకున్నాను. ఒకే నీళ్లు, ఒకే గాజు, అటూ ఇటూ ఐదు నిమిషాల తేడా. నా ట్యూబులో గడ్డ చక్కగా ముడుచుకుని, చిన్న వేలంతయి, చుట్టూ పసుపు నీరు తేటగా నిలిచి ఉంది. అంటే కరెంటు పోయేలోపు నీళ్లు చాలాసేపే వెచ్చగా ఉన్నాయి. భవాని ట్యూబులో గడ్డ పోసింది పోసినట్టే ఉంది. గాజుని అంటుకుని, అంచు దాకా, మొండిగా. ఒక్క చుక్క నీరు ఊరలేదు.

నేను టెక్నీషియన్ని. రెండు క్షణాలు చాలు. అర్థమైంది.

మరి ఎందుకు రాయలేదు? నాకు నేను వెయ్యిసార్లు వేసుకున్న ప్రశ్న ఇది. ఆ పిల్లంటే నాకు ఇష్టం లేకనా? కాదు. పైడమ్మ అంటే గౌరవం లేకనా? కాదు. డాక్టరుగారు మూడు గంటల విమానానికి వెళ్లిపోతున్నారు, రెండుకల్లా కాగితం కావాలన్నారు. ముడుచుకోలేదు అని రాస్తే ఫోను చేస్తారు. నీళ్లు వెచ్చగా ఉన్నాయా, గంటకి ఎంత, రెండో గంటకి ఎంత, నువ్వు అక్కడే ఉన్నావా అని అడుగుతారు. మళ్లీ చెయ్యమంటారు. నేను రెండు గంటలు లేబు గాలికి వదిలి ఓడ లైనులో నిలబడ్డానని మా యజమానికి తెలుస్తుంది. అదే నార్మల్ అని రాస్తే? నార్మల్ అన్న మాటకి ఈ లోకంలో ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. అంత చిన్న భయం. నాకు తెలిసి పెద్ద తప్పులకి పెద్ద కారణాలుంటాయి, నాకు ఆ మాత్రం గౌరవం కూడా దక్కలేదు.

కాగితం మీద పేరు: భవాని. దాని కింద గంటకి ఎంత ముడుచుకుందో, ఎంత నీరు ఊరిందో రాశాను. ఆ కొలతలు ఊహించి రాయలేదు. నా ట్యూబు చూసి రాశాను. రెండు ట్యూబులూ సింకులో కడిగేశాను. రక్తదానం చెయ్యటం పుణ్యం అంటారు. నేను ఆ పిల్లకి కాగితం మీద చేశాను.

డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాసి, వయసు కదా, సర్దుకుంటుంది అన్నారు. నా కాగితం చేతిలో ఉండగా ఆయన ఇంకేం అనగలరు?

పైడమ్మకి చదువు రాదు, కానీ నార్మల్ అన్న మాట వచ్చు. ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్లింది. తర్వాత నెల భవానికి మళ్లీ అలాగే అయింది. స్కూలు మానేసింది, చేపలు కొయ్యనంది, పరుపు పాడైంది. అందరూ నార్మల్ అన్నాక ఇంకా ఇదేం నాటకం అని పైడమ్మ చెంప మీద ఒకటి కొట్టింది. గట్టిగా కాదు. ఏ తల్లయినా కొట్టేంత. ముక్కు నుంచి నెత్తురు మొదలై చీకటి పడేదాకా కారింది. ఇది నాకు అప్పుడు తెలియదు, నాలుగేళ్ల తర్వాత తెలిసింది. ఆ చెంపదెబ్బతో భవాని ఒకటి నేర్చుకుంది: ఎవరికీ చెప్పకూడదు. నాలుగేళ్లు ఎవరికీ చెప్పలేదు. గుడ్డలు తనే దాచుకుని తనే ఉతుక్కుంది. పాలిపోయిన మొహానికి పౌడరు రాసుకుని స్కూలుకి వెళ్లింది. ఆ నాలుగేళ్లూ నేను వాళ్లమ్మ ఏరి ఇచ్చిన చేపలు తిన్నాను.

పదిహేడో ఏట దవడ పన్ను పుచ్చిపోతే పీకించారు. అది ఆగలేదు. ఒక రాత్రి, ఒక పగలు. రెండో రోజు ఆసుపత్రి నుంచి పైడమ్మ ఫోను చేసింది. అవతల మాట లేదు, ఏడుపే. వెళ్లాను. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కాగితం పట్టుకుని, కౌంటు బాగుంది, ఎందుకు ఆగటం లేదో అర్థం కావటం లేదు అన్నాడు. నేను అన్నాను: కౌంటు చూడకండి డాక్టరుగారూ, అవి పట్టుకోవటం లేదు, బయటి ప్లేట్‌లెట్లు ఎక్కించండి, ఆగగానే చెన్నై పంపండి. ఎక్కించారు. ఆగింది.

అంతా నన్ను చూశారు. ఇంత అరుదైన జబ్బు ఒక్క చూపులో ఎలా పట్టేశావమ్మా అని ఆ డాక్టరే అడిగాడు. అనుభవం అన్నాను. ఎవరి అనుభవమో చెప్పలేదు. నేను ఆ రోజు పట్టేసింది ఏమీ లేదు. నాలుగేళ్ల కిందట వదిలేసినదాన్నే మళ్లీ తీశాను.

చెన్నైకి వాళ్లతో నేనూ వెళ్లాను, ఇంగ్లీషు మాటల కోసం. అక్కడి లేబు చూస్తే మా లేబు వంటగదిలా అనిపించింది. ప్లేట్‌లెట్లు ఎంత గట్టిగా అంటుకుంటాయో గీత గీసి చూపించే మిషను ఉంది. మామూలు మనిషిది గీత కొండెక్కినట్టు ఎక్కింది, భవానిది అలలు లేని సముద్రంలా తిన్నగా వెళ్లిపోయింది. ఈ రోజుల్లో ఒక్కొక్క ప్లేట్‌లెట్ ఎంత బలంగా లాగుతుందో మెత్తటి జిగురు మీద కూర్చోబెట్టి కొలుస్తున్నారని, ఏ జబ్బులో ఆ లాగుడు ఎలా మారుతుందో చూస్తున్నారని అక్కడి డాక్టరమ్మ ఎంతో ఇష్టంగా చెప్పింది. నేను లేబుదాన్నని తెలిసి ఇంకొంచెం ఎక్కువ చెప్పింది. తర్వాత మామూలుగానే అడిగింది:

"దీనికి ఇంత మిషను కూడా అక్కర్లేదమ్మా. ఒక గాజు ట్యూబులో పోసి గంట చూస్తే అనుమానం వచ్చేస్తుంది. మీ దగ్గర ఎవరూ చెయ్యలేదా?"

"మాకు కరెంటు సరిగ్గా ఉండదు మేడమ్."

"అవును పాపం. దీవులు కదా."

ఆ ముక్కకి తల ఊపాను. నన్ను కన్న నేల మీద నా తప్పు రుద్దేసి, జాలి కూడా వసూలు చేసుకుని వచ్చాను.

పైడమ్మకి జబ్బు వివరించింది నేనే. జనం ఉన్నారు, చేతులు లేవు అన్నాను. ఆవిడకి వెంటనే తెలిసిపోయింది. "అంటే పడవ నిండా మనుసులే గానీ తాడు పట్టీవోడు నేడన్నమాట" అంది. ఇరవై ఏళ్ల చదువు, పనితనం కలిపి నేను అంత బాగా చెప్పలేకపోయాను.

అప్పటి నుంచి జీవితం భవానికి బాగానే ఉంది. మెత్తటి బ్రష్షు, నెలసరికి మాత్రలు, నొప్పి మాత్రలు తనంతట తను మింగకూడదన్న నియమం, పర్సులో జబ్బు పేరు రాసిన కార్డు. ఇప్పుడు ఇరవై రెండు. ఊళ్లో జిరాక్సు షాపులో పని చేస్తుంది, యజమాని కంటే ఎక్కువ కేకలేస్తుంది. తల్లి పోలిక. నాకు మాత్రం జీవితం కష్టమైంది. ఎందుకంటే పైడమ్మ నన్ను దేవతని చేసింది. దేవతలా బతకటం ఎంత ఇబ్బందో దేవుళ్లని అడగండి. గంపలో మొదటి చేప నాది. వంజరం పడితే తల నాది. "నువ్వు నేకపోతే నా పిల్ల నేదు దీదీ" అని వీధి వీధంతా వినేలా అంటుంది. ఆ మాట చెప్పిన ప్రతిసారీ వెనకే ఇంకో మాట: "ఈ సెయ్యి ఇరిగిపోను. జబ్బు పిల్లని కొట్టినాను."

అదే నేను భరించలేకపోయింది. పొగడ్త కాదు. పొగడ్తకి మనిషి అలవాటు పడతాడు, నేనూ పడ్డాను, ఏం దాచను. ఆ చెయ్యి. చెన్నై నుంచి వచ్చాక ఆవిడ ఆ కుడి చెయ్యి కూతురి తల మీద పెట్టలేదు. భవాని పుట్టినరోజు వస్తే తలంటుకి ముందు మాడున నూనె పెట్టాలి కదా, అది తల్లి పని కదా. ఆ పొద్దున పిల్లని వెంటబెట్టుకుని, గిన్నెలో నూనె పట్టుకుని మా ఇంటికి వస్తుంది. "నీ సెయ్యి మంచిది దీదీ, నువ్వెట్టు" అంటుంది. ఏటా పెట్టాను. ఏటా ఆ తల్లి గుమ్మం పక్కన నిలబడి, కుడి చెయ్యి కొంగులో దాచుకుని చూసింది.

ఆవిడ తన కూతుర్ని నమ్మలేదని ఏడుస్తుంది. ఎందుకు నమ్మలేదు? కాగితం నార్మల్ అంది కాబట్టి. ఆ కాగితం ఎవరిది? ఇంత సూటి లెక్క ఐదేళ్లు చెప్పలేకపోయాను. చెబితే నన్ను అసహ్యించుకుంటారని భయం. చేప రాదని కూడా అనుకోండి, నేను అంత గొప్పదాన్నేం కాదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం, పిల్ల బాగుంది కదా అనుకునేదాన్ని. పిల్ల బాగుంది. తల్లి చెయ్యి బాగాలేదు. దానికి నా దగ్గర తప్ప ఎక్కడా మందు లేదని తెలిసి కూడా ఊరుకున్నాను. ట్యూబు తప్పు రెండు గంటల తప్పు. ఇది ఐదేళ్ల తప్పు. ఏది పెద్దదో మీరే చెప్పండి. వద్దు, చెప్పకండి.

ఈ ఏడు పుట్టినరోజు పోయిన నెల వచ్చింది. పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. భవాని పీట మీద కూర్చుంది, ఫోనులో ఎవరితోనో హిందీలో పోట్లాడి పెట్టేసింది. పైడమ్మ గిన్నె నా చేతికిచ్చి పక్కకి జరిగి, చెయ్యి కొంగులో పెట్టుకుంది. నేను నూనెలో వేళ్లు ముంచాను. వేళ్లు పైకి రాలేదు.

చెప్పేశాను. ఓడ లైను, కరెంటు, రెండు ట్యూబులు, ఎవరి నెత్తురు ఎవరి పేరు మీద రాశానో. అందంగా చెప్పలేదు. ఇక్కడ రాసినన్ని మాటలు అప్పుడు లేవు. చెన్నైలో అన్న అబద్ధం కూడా చెప్పాను.

భవాని నా మొహం చూస్తూ ఉండిపోయింది. "చార్ సాల్, ఆంటీ" అంది. నాలుగేళ్లు. అరిచే పిల్ల అరవకపోతే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

గేటు అవతల ఎవరో "చేపలున్నాయా" అని అడిగి వెళ్లిపోయారు. అప్పుడు పైడమ్మ అడిగింది:

"ఆయేల నువ్వు నిజం రాసుంటే, నాను కొట్టకపోదును గదా?"

"కొట్టకపోదువు పైడమ్మా."

"నమ్మేదాన్ని గదా నా పిల్లని?"

"నమ్మేదానివి."

దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండు అని కూడా అనుకున్నాను. నా చేతిలో గిన్నె తీసుకుంది. కుడి చెయ్యి కొంగులోంచి తీసి, నూనె ముంచి, కూతురి మాడు మీద పెట్టింది. మెల్లగా కాదు. అదిమి, రుద్ది, జుట్టంతా పాయలు పాయలుగా పట్టి రుద్దింది. "అమ్మా, ధీరే" అని భవాని అంటూనే ఉంది. తల ఎత్తలేదు, లేవలేదు. మా వసారాలో నా ఎదురుగానే జరిగింది, కానీ అక్కడ నేను లేను. వాళ్లిద్దరే ఉన్నారు. అయ్యాక గిన్నె గట్టు మీద పెట్టి, గంప నెత్తికెత్తుకుని, పిల్లని ముందు నడిపించుకుని వెళ్లిపోయింది. గేటు తనే మూసింది.

క్షమించిందా? అడగలేదు. అడిగితే అది కూడా ఒక లైనులో నిలబడటమే, మళ్లీ నా టికెట్ కోసమే. భవాని ఒకసారి బజారులో ఎదురైంది. తల ఊపింది. నవ్వలేదు, మొహం తిప్పుకోనూ లేదు. ఆ తల ఊపుకి ఏ అర్థం రాయాలో నాకు తెలియదు, నా చేతికి అర్థాలు రాసే హక్కు ఇంకొన్నాళ్లు లేదు.

ఇప్పుడు చేపలు నేనే బజారుకెళ్లి కొనుక్కుంటున్నాను. ఎంచుకోవటం రాదు. మొన్న తెచ్చినది మా ఆయన వాసన చూసి, ఇది ఓడ కంటే ముందు పుట్టిందా అన్నాడు. పైడమ్మ మాత్రం రోజూ వస్తుంది. మా వీధిలోకి తిరగకుండా పక్క వీధిలోంచి వెళ్తుంది. ఏడున్నరకి ఆవిడ కేక గోడల మీదుగా వినిపిస్తుంది. తొమ్మిదేళ్లు ఆ కేక మా గేటు దగ్గర వినపడగానే ఇవాళ తెలిసిపోతుందేమో అని భయపడేదాన్ని. ఇప్పుడు అది దూరంగా వెళ్లిపోతుంటే బాధగా ఉంటుంది. ఒట్టి బాధ, అంతే. కాఫీ గ్లాసు పట్టుకుని వసారాలో నిలబడి, కేక మలుపు తిరిగి సన్నబడేదాకా వింటున్నాను.